తల ఊపితే పాఠం అర్థమైనట్టేనా?



పోయిన పేరెంట్-టీచర్ మీటింగ్‌లో ఒక అమ్మగారు అడిగిన ప్రశ్నతో మొదలుపెడతాను. ప్రోగ్రెస్ కార్డు చూడటం అయింది, నోట్సు తిరగేయడం అయింది. కుర్చీలోంచి లేవబోతూ ఆగి, "మార్కుల సంగతి అలా ఉంచండి మేడమ్, అసలు మా బాబు క్లాసులో వింటున్నాడా అండీ?" అన్నారు. "వింటున్నాడండీ, చాలా యాక్టివ్‌గా ఉంటాడు" అన్నాను. ఆవిడ సంతోషంగా వెళ్లారు. వెనక ఇంకా చాలామంది వరుసలో ఉన్నారు, నేనూ తర్వాతి వారితో మాటల్లో పడ్డాను.

ఇంటికి వెళ్లాక ఆ జవాబు గుర్తొచ్చి కాస్త ఇబ్బందిపడ్డాను. ఆ బాబు వింటున్నాడని నాకెలా తెలుసు? నాకు తెలిసిందల్లా ఒకటే. ముందు బెంచీలో కూర్చుంటాడు, నా వైపే చూస్తాడు, తల ఊపుతాడు, ప్రశ్న వినబడగానే చెయ్యి ఎత్తుతాడు. గంగిరెద్దు కూడా తల ఊపుతుంది. దాన్ని చూసి అడిగిందంతా దానికి అర్థమైందని మనం అనుకోం కదా.

పద్నాలుగేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. "మా పిల్లలు క్లాసులో ఎలా ఉంటున్నారు?" అన్న మీ ప్రశ్నకు మేమిచ్చే జవాబులు చాలావరకు చూపుల మీద ఆధారపడినవే. మన యాప్‌లో నెలకోసారి మీకు కనిపించే 'పార్టిసిపేషన్' గ్రేడు కూడా అలాంటిదే. దాని గురించి మీతో మనసు విప్పి మాట్లాడాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఇవి నా సొంత అభిప్రాయాలు.

మైనస్, మైనస్, ప్లస్

ఈ ఏడాది ఏడో తరగతిలో పూర్ణ సంఖ్యలు చెబుతున్నప్పుడు జరిగిన సంగతి ఇది. "మైనస్, మైనస్ కలిస్తే?" అని అడిగాను. "ప్లస్!" అని క్లాసంతా ఒక్క గొంతుతో అరిచింది. వరండాలో వెళ్తున్నవాళ్లు ఆగి చూశారు. ఆ క్షణంలో ఎవరైనా తలుపు దగ్గర నిలబడి ఉంటే, ఇంత ఉత్సాహంగా పాఠం సాగే క్లాసు ఇంకోటి ఉండదనే అనుకునేవారు. నేనూ అలాగే అనుకున్నాను.

పీరియడ్ చివర అయిదు నిమిషాలు మిగిలాయి. అందరికీ చిన్న చీటీలు ఇచ్చి, "−3 − 5 ఎంత? ఎందుకో ఒక్క వాక్యంలో రాయండి" అన్నాను. పక్కవాళ్లవి చూడొద్దన్నాను. స్టాఫ్ రూమ్‌కి వెళ్లి చీటీలు తిరగేస్తే దాదాపు సగం మంది 8 అని రాశారు. కారణం అందరిదీ ఒకటే, 'మైనస్, మైనస్ ప్లస్ కాబట్టి'. గుణకారానికి, రుణ సంఖ్యను తీసేయడానికి పనికొచ్చే సూత్రాన్ని ఎక్కడ రెండు మైనస్‌లు కనిపిస్తే అక్కడ అతికించేశారు. 8 అని రాసినవాళ్లలో నేను 'బాగా యాక్టివ్' అని చెప్పిన ఆ ముందు బెంచీ బాబు కూడా ఉన్నాడు.

ఒక చీటీ దగ్గర మాత్రం ఆగిపోయాను. జవాబు −8. దాని కింద తెలుగులో ఇలా ఉంది. 'మూడు రూపాయల అప్పు మీద ఇంకో అయిదు రూపాయలు అప్పు చేస్తే అప్పు పెరుగుతుంది. డబ్బులు రావు కదా మేడమ్.' అది మూడో వరుసలో గోడ పక్కన కూర్చునే అమ్మాయి చీటీ. ఏడాది మొదటి నుంచి తనంతట తాను ఒక్కసారి కూడా చెయ్యి ఎత్తలేదు. ముందటి నెల ఆ అమ్మాయికి నేనిచ్చిన పార్టిసిపేషన్ గ్రేడు 'సి'.

ఆ గ్రేడు ఎలా ఇచ్చానో కూడా చెప్పాలి. ఎంట్రీకి ఆఖరి రోజు, ఖాళీ పీరియడ్‌లో, నాలుగు సెక్షన్ల పేర్ల జాబితా ముందు పెట్టుకుని గుర్తున్నంతలో వేసుకుంటూ పోయాను. పేరు చదవగానే మొహం, గొంతు గుర్తొచ్చిన పిల్లలకు 'ఏ'. ఆలోచించాల్సి వచ్చినవారికి 'బి'. ఏమీ గుర్తురాని పిల్లలకు 'సి'. అంటే ఆ గ్రేడు కొలిచింది నా జ్ఞాపకశక్తిని. ఆ అమ్మాయి తల్లిదండ్రులు మాత్రం దాన్ని చూసి, "క్లాసులో నోరు విప్పవటగా" అని కోప్పడ్డారట. ఆ పాపం నాది.

చేతలు, మనసు, ఆలోచన

విద్యార్థి పాఠంలో నిమగ్నం కావడం గురించి పరిశోధనలు చాలానే ఉన్నాయి. 2004లో ఫ్రెడ్రిక్స్, బ్లూమెన్‌ఫెల్డ్, పారిస్ అనే ముగ్గురు పరిశోధకులు అప్పటివరకు వచ్చిన అధ్యయనాలను సమీక్షించి, ఈ నిమగ్నతకు మూడు పాయలున్నాయని వివరించారు. మొదటిది చేతలకు సంబంధించినది. బడికి రావడం, హోమ్‌వర్క్ చేయడం, చెప్పిన పని చేయడం లాంటివి. రెండోది మనసుకు సంబంధించినది. బడి అంటే ఇష్టం, టీచర్ మీద నమ్మకం, నేనూ ఈ క్లాసులో ఒకణ్ణే అన్న భావన. మూడోది ఆలోచనకు సంబంధించినది. అర్థం చేసుకోవాలని బుర్ర పెట్టడం, కష్టమైన చోట వదిలేయకుండా పెనుగులాడటం.

ఇందులో బయటికి కనిపించేది మొదటిదే. హాజరు లెక్కపెట్టొచ్చు, ఎత్తిన చేతులు లెక్కపెట్టొచ్చు, నోట్సులో పేజీలు లెక్కపెట్టొచ్చు. మనసు సంగతి పిల్లలు చెబితే గానీ తెలియదు. ఆలోచన సంగతి వాళ్లతో రాయిస్తేనో మాట్లాడిస్తేనో గానీ తెలియదు. లెక్కకు సులువుగా దొరుకుతుంది కాబట్టి మొదటి పాయనే పట్టుకుని, మిగతా రెండూ దాని వెంట ఉన్నాయని మనం అనుకుంటాం.

గ్రాహమ్ నట్హాల్ అనే న్యూజిలాండ్ పరిశోధకుడు పిల్లలకు చిన్న మైకులు తగిలించి, వాళ్లు క్లాసులో ఏం మాట్లాడుకుంటున్నారో, ఏం నేర్చుకుంటున్నారో ఏళ్ల తరబడి అధ్యయనం చేశాడు. టీచర్ చెప్పేదాంట్లో దాదాపు సగం పిల్లలకు ముందే తెలిసి ఉంటుందని, ఎవరికి ఏ సగం తెలుసన్నది మాత్రం ఒక్కొక్కరికి ఒక్కో రకంగా ఉంటుందని ఆయన గమనించాడు. టీచర్ ఎప్పుడు తమవైపు చూస్తారో, అప్పుడు శ్రద్ధగా ఉన్నట్టు ఎలా కనిపించాలో పిల్లలు బాగా నేర్చేసుకుంటారని కూడా చెప్పాడు. మనమూ ఒకప్పుడు ఆ బెంచీల మీద కూర్చున్నవాళ్లమే కాబట్టి ఇందులో ఆశ్చర్యపడటానికేమీ లేదు.

నిండిన నోట్సు చెప్పని సంగతి

మీటింగ్‌కి వచ్చినప్పుడు మీరు ముందుగా చూసేది నోట్సు. పేజీలు నిండి, ఎర్ర సిరా టిక్కులుంటే పాఠాలు జరుగుతున్నాయని ధీమా. ఖాళీ పేజీలుంటే, "ఈ వారమంతా ఏం చెప్పలేదా మేడమ్?" అని ప్రశ్న. మీ ఆరాటం నాకు అర్థమవుతుంది. కష్టపడి ఫీజు కడుతున్నారు, అందుకు కళ్లకు కనిపించే ఆధారం కావాలి. కానీ దాని ఫలితమేమిటో కూడా మీకు తెలియాలి. ఆ ప్రశ్న రాకూడదని మాలో చాలామందిమి సగం పీరియడ్ నోట్సు చెప్పడానికే ఖర్చు పెడతాం. బోర్డు మీదున్నది చూసి రాసుకునేటప్పుడు పిల్లలు నిశ్శబ్దంగా, బుద్ధిగా కనిపిస్తారు. ఆలోచించాల్సిన అవసరం మాత్రం వాళ్లకు అంతగా ఉండదు.

2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. కాలేజీ విద్యార్థులకు పాఠ్యాంశాలు ఇచ్చారు. చదివాక కొన్నింటిని మళ్లీ చదివించారు, మరికొన్నింటిని మాత్రం కాగితం మూసి గుర్తున్నది రాయమన్నారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినదే కాస్త ఎక్కువ గుర్తుంది. వారం తర్వాత పెడితే తారుమారైంది. మళ్లీ చదివినదాంట్లో 42 శాతం గుర్తుంటే, మూసి రాసినదాంట్లో 56 శాతం గుర్తుంది. మన యూనిట్ టెస్టులు, బోర్డు పరీక్షలు అయిదు నిమిషాల తర్వాత జరగవు.

ఇంకో అధ్యయనం తల్లిదండ్రులకూ టీచర్లకూ ఇద్దరికీ పనికొస్తుంది. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చదివే విద్యార్థుల మీద చేసి 2019లో ప్రచురించారు. ఒకే పాఠాన్ని కొందరికి చక్కటి ఉపన్యాసంలా చెప్పారు. కొందరిని చిన్న గుంపులుగా కూర్చోబెట్టి ముందు వాళ్లచేతే ప్రశ్నలు సాధింపజేశారు. రెండో పద్ధతిలో కూర్చున్నవాళ్లకే పరీక్షలో ఎక్కువ మార్కులు వచ్చాయి. 'ఎంత నేర్చుకున్నావు?' అని అడిగితే మాత్రం వాళ్లే తక్కువ నేర్చుకున్నామన్నారు. పెనుగులాడిన బుర్రకు అది నేర్చుకోవడంలా అనిపించదు. సాఫీగా విన్నవాళ్లకు అంతా వచ్చేసినట్టే అనిపిస్తుంది. అందుకే పిల్లలు ఇంటికొచ్చి "ఇవాళ మేడమ్ ఏం చెప్పలేదు, మమ్మల్నే చేయమంది" అని ఫిర్యాదు చేస్తే, ఆ పీరియడ్ వృథా అయిందని వెంటనే అనుకోకండి.

కెమెరా చూడగలిగేది ఎంత?

"క్లాసులో సీసీ కెమెరా ఉంది కదా, మా ఫోన్‌లో చూసుకునేలా లైవ్ ఇవ్వండి" అని ఈ మధ్య కొందరు అడుగుతున్నారు. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 2019లో ఢిల్లీ ప్రభుత్వం తన బడుల్లో ఇలాంటి పథకం ప్రారంభించింది. చైనా ఇంకా ముందుకు వెళ్లింది. 2018లో హాంగ్జౌ నగరంలోని ఒక ఉన్నత పాఠశాలలో ప్రతి 30 సెకన్లకోసారి పిల్లల మొహాలు చూసి హావభావాలు లెక్కగట్టే కెమెరాలు పెట్టారు. 2019లో జిన్‌హువాలోని ఒక ప్రాథమిక పాఠశాలలో పిల్లల నుదుటికి మెదడు తరంగాలు పట్టే పట్టీలే కట్టారు. శ్రద్ధను బట్టి వాటి దీపం రంగు మారేది, ఆ లెక్కలు తల్లిదండ్రులకు కూడా చేరేవి. చైనాలోనే ప్రజలు తీవ్రంగా విమర్శించడంతో అధికారులు ఆ పట్టీల వాడకం ఆపేయించారు. యూరోపియన్ యూనియన్ 2024లో తెచ్చిన కృత్రిమ మేధ చట్టం, వైద్య, భద్రతా అవసరాలకు తప్ప, బడుల్లో యంత్రాలతో భావోద్వేగాలను అంచనా కట్టడాన్ని నిషేధించింది.

పిల్లల భద్రత కోసం కెమెరాలు ఉండటం వేరు, దాని మీద నాకు అభ్యంతరం లేదు. శ్రద్ధను కొలవడానికి మాత్రం అవి పనికిరావు. ఆ మైనస్ రోజున కెమెరా చూసి ఉంటే చెయ్యి ఎత్తిన బాబుకు నూటికి నూరు వేసేది. గోడ పక్క అమ్మాయికి నాలాగే 'సి' ఇచ్చేది. పైగా, ఎప్పుడూ ఎవరో చూస్తున్నారని తెలిసిన పిల్లలు తప్పు చెప్పడానికి భయపడతారు. తప్పు చెప్పడానికి భయపడే క్లాసులో అర్థం కానిది ఏమిటో టీచర్‌కు ఎప్పటికీ తెలియదు.

మౌనం వెనక భాష

మన పిల్లల మౌనానికి ఇంకో కారణం ఉంది. ఆరో తరగతిలోనో ఏడో తరగతిలోనో తెలుగు మీడియం నుంచి వచ్చి చేరేవారు ప్రతి ఏడాదీ ఉంటారు. వాళ్లకు లెక్క వస్తుంది, ఇంగ్లీషులో వాక్యం రాదు. నోరు తెరిస్తే పక్కవాళ్లు నవ్వుతారేమోనని మూసుకుని కూర్చుంటారు. బయటి నుంచి చూస్తే అది అశ్రద్ధలా కనిపిస్తుంది. క్యాంపస్‌లో ఇంగ్లీషులోనే మాట్లాడాలన్న నియమం మంచి ఉద్దేశంతో పెట్టినదే. కానీ కొత్త విషయం అర్థం చేసుకునే ఆ పది నిమిషాలు పిల్లలను ఏ భాషలో ఆలోచన వస్తే ఆ భాషలో చెప్పనివ్వాలి. ఆ అమ్మాయి చీటీ ఇంగ్లీషులోనే రాయాలని నేను పట్టుబట్టి ఉంటే, ఆ అప్పు సంగతి నాకు తెలిసేదే కాదు. తర్వాత ఆ వాక్యాన్ని ఇంగ్లీషులో ఎలా చెప్పాలో ఇద్దరం కలిసి రాసుకున్నాం.

ఇప్పుడు నేనేం చేస్తున్నాను

పెద్ద మార్పులేమీ కాదు. నాలుగు చిన్న పనులు.

ప్రశ్న అడిగాక ఆగుతున్నాను. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలోనే గమనించిన సంగతి ఇది. టీచర్లు ప్రశ్న అడిగి సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతారు. దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవవుతాయి, మామూలుగా మాట్లాడని పిల్లలు కూడా మాట్లాడతారు. మూడు సెకన్లే కదా అనిపిస్తుంది గానీ, క్లాసు ముందు నిలబడి మౌనంగా ఉండటం చాలా కష్టం.

పీరియడ్ మొదట్లో పుస్తకాలు మూయించి, నిన్న చెప్పినదాంట్లో గుర్తున్నవి రాయమంటున్నాను. దీనికి మార్కులు లేవు.

పీరియడ్ చివర చీటీ రాయిస్తున్నాను. రోజూ నాలుగు సెక్షన్ల చీటీలు చదవడం నా వల్ల కాదు. అందుకే రోజుకు ఒక సెక్షన్ చొప్పున తిప్పుతున్నాను. జవాబు కన్నా 'ఎందుకు' అన్న వాక్యాన్ని శ్రద్ధగా చదువుతున్నాను.

పిల్లలు కూర్చునే పటం ఒకటి గీసుకుని, ఎవరితో మాట్లాడితే వారి పేరు దగ్గర టిక్కు పెడుతున్నాను. మొదటి వారం చూసుకుంటే టిక్కులన్నీ ముందు రెండు బెంచీల్లోనూ మధ్య వరుసలోనూ గుంపుగా ఉన్నాయి. పార్టిసిపేషన్ లేదని నేను పిల్లలకు తక్కువ గ్రేడు ఇచ్చాను, కానీ అసలు వాళ్లను పలకరించింది ఎన్నిసార్లు?

దీనివల్ల సిలబస్ వెనకబడదా, ఐఐటీ ఫౌండేషన్ సంగతేమిటి అని మీరు అడగొచ్చు. సమయం కొంత పోతుంది, దాన్ని నోట్సు చెప్పే సమయంలోంచి తీస్తున్నాను. మీ పిల్లల లెక్కల నోట్సు ఈ ఏడాది కాస్త పలచగా కనిపిస్తే కారణం ఇదే. ఇక క్రమశిక్షణ, హాజరు, హోమ్‌వర్క్ అక్కర్లేదని నేను అనడం లేదు. అవి లేకుండా చదువు సాగదు. అవి ఉన్నంత మాత్రాన చదువు సాగినట్టు కాదన్నదే నా మాట.

యాప్‌లోని పార్టిసిపేషన్ గ్రేడును తీసేసి, దాని బదులు టర్ముకు ఒకసారి క్లాస్ టీచర్ ప్రతి పిల్లవాడి గురించీ రెండు వాక్యాలు రాయాలని మా స్టాఫ్ మీటింగ్‌లో అడిగాను. ఒక వాక్యం ఈ పిల్లవాడు ఏ విషయం మీద ఆలోచిస్తున్నాడో, రెండోది ఎక్కడ ఆగిపోతున్నాడో. టీచర్లకు పని పెరుగుతుందని, తల్లిదండ్రులకు ఒక్క చూపులో అర్థమయ్యే గ్రేడే కావాలని కొందరన్నారు. మొదటి అభ్యంతరం నిజమే. రెండోదానికి జవాబు చెప్పాల్సింది మీరు. మీకు నిజంగా ఆ అక్షరమే కావాలా?

మీ వంతుగా

సాయంత్రం "ఇవాళ ఏం చెప్పారు?" అని అడిగితే "లెక్కలు చెప్పారు" అన్నదే జవాబు, అక్కడితో మాట అయిపోతుంది. దాని బదులు "పుస్తకం మూసి నాకు చెప్పు" అనండి. తెలుగులోనే చెప్పనివ్వండి. మీకు ఆ లెక్క రాకపోయినా ఫర్వాలేదు. అమ్మమ్మకో తాతయ్యకో అర్థమయ్యేలా చెప్పగలిగితే పాఠం వచ్చినట్టే. మధ్యలో ఆగితే ఎక్కడ ఆగిందో గమనించండి.

"ఇవాళ నీకు అర్థం కానిదేమిటి?" అని కూడా అడగండి. "ఇది నాకు అర్థం కాలేదు" అంటే కోప్పడకండి. ఆ మాట అనగలిగిన పిల్లవాడు పాఠంలో ఉన్నాడు. అన్నీ వచ్చేశాయనే పిల్లవాడి గురించే నేను ఎక్కువ ఆలోచిస్తాను. ఆ అర్థం కానిదాన్ని డైరీలో ఒక్క ముక్క రాసి పంపితే, మర్నాడు ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలుస్తుంది.

వచ్చే మీటింగ్‌లో "మా బాబు వింటున్నాడా?" అని అడగకండి. "మా బాబు ఈ నెలలో ఎక్కడ తడబడ్డాడు? మీకెలా తెలిసింది?" అని అడగండి. నా దగ్గర జవాబు లేకపోతే లేదనే చెబుతాను, వారం గడువు అడుగుతాను. మొదట చెప్పిన అమ్మగారికి మాత్రం ఫోన్ చేసి, ఆ రోజు నేను తొందరపడి జవాబిచ్చానని చెప్పాను. చీటీ సంగతి కూడా చెప్పాను. "అయితే ఇంట్లో ఏం చేయమంటారు మేడమ్?" అన్నారు ఆవిడ. అప్పు లెక్క చెప్పించమన్నాను.